బొమ్మలో లేని పాక

గోదావరి మీద నేను నేరం మోపలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా గువ్వలరేవులో ఇప్పటికీ నలుగురు కలిస్తే "మీ బొమ్మ మూలానే గదండీ ఏటికి నోటీసు వచ్చింది" అని నా మీద పడుతున్నారు. అయ్యా, నేను వేసింది బొమ్మ. నోటీసు వేసింది ప్రభుత్వం. ఈ రెండింటికీ తేడా ఉంటుందని మొన్నటిదాకా నేనూ అనుకునేవాణ్ణి.

నా పేరు మేడిశెట్టి భానోజీ. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. రెండు తరాల పిల్లలకు మామిడికాయా, కూజా, జాతీయ జెండా వేయడం నేర్పి రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో నా బొమ్మ చూసి బాగుందన్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా ఆవిడ, ఆమె పోయింది. రెండోది పల్లాలమ్మ. ఆమె అన్నది కూడా ఇలాగ: "బాగుందండి మేస్టారూ, కాస్త పక్కకి జరగండి, పొయ్యిలోకి కర్ర ఎగదొయ్యాలి."

పెమ్మాడి పల్లాలమ్మకు రేవు పక్కన, ఏటిగట్టుకు దిగువన, ఎత్తరుగు మీద ఒక తాటాకు పాక ఉంది. అదే హోటలు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం చేపల పులుసూ అన్నం, రోజంతా టీ. నావ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అక్కడ ఆగకుండా పోరు. ఇరవై రెండేళ్ళ క్రితం మొగుడు పోయాక, అంతకుముందు చేసే రొయ్యల ఫ్యాక్టరీ పని మానేసి ఈ పాక వేసుకుంది. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం ఐసు గడ్డల్లో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీయాలి. వేళ్ళ సందులు పాచిపోయి, అన్నం కలుపుకుంటే మంటెత్తేదట. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరైనా పెసరట్టులో ఉల్లిపాయ తక్కువైందంటే ఆ వేళ్ళు చూపించి "మళ్ళీ అక్కడికెల్లమంటావేటి?" అని నోరు మూయించేది.

నేను బొమ్మలు వేసేది ఆ పాకలో కూర్చునే. రిటైరైన నాటి నుంచీ రోజూ పొద్దున్నే అట్టా, కాగితం, రంగుల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయేవాణ్ణి. సముద్రం మాకు పన్నెండు మైళ్ళే. అంచేత మా ఏరు రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు పాటు తీస్తుంది, అంటే నీరు వెనక్కి పోతుంది. పాటు తీసినప్పుడు ఒండ్రు మేట బయటపడుతుంది చూడండి, దాని మీద తడి ఆరకముందు ఒక వెలుగు ఉంటుంది. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. నీటిరంగుల పని కూడా అంతే. కాగితం తడిగా ఉండగా ఆకాశం వేసేయాలి, ఆరీ ఆరకుండా చెట్లు వేయాలి, ఆరాక నీడలు. ఏరూ ఆగదు, కాగితమూ ఆగదు. చేతికందింది వేయడం, అందనిది వదిలేయడం. వేసినదాన్ని దిద్దుదామని కూర్చుంటే బురదే మిగులుతుంది.

అలా ఒక ఫాల్గుణ మాసం పొద్దున ఒక బొమ్మ కుదిరింది. నా జీవితంలో అలా కుదిరింది అదొక్కటే. ఎదురుగా ఒండ్రు మేట, దాని మీద రెండు గేదెలు, ఎదుటి గట్టున కొబ్బరిచెట్లు. కుడి చివర, మా గట్టునే ఏరు ఒంపు తిరిగే చోట, పాత ఇరిగేషన్ బంగళా. ఎదుటి గట్టున ఫోన్ల టవరు కూడా ఉంది గానీ అది నేను వేయలేదు. ఎందుకు వేస్తాను, అందం చందం లేనిదాన్ని! ఇంతలో పల్లాలమ్మ పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరించింది. ఒక చుక్క ఎగిరొచ్చి కొబ్బరిచెట్ల వెనక తడి ఆకాశంలో పడింది. రంగు పక్కలకు పాకి, గుండ్రంగా అంచు కట్టి, పెద్ద మరకైంది.

"అయ్యో, పాడు సేసేశానండి మేస్టారూ!" అని నోరు నొక్కుకుంది.

"పోనీలే, ఉండనీ," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.

సరిగ్గా ఆ ఏడాదే రాష్ట్రం మొత్తానికి ఆరుబయట బొమ్మలు వేసే జబ్బు పట్టుకుంది. ఎవరో పెద్దాయన ఏదో దేశం వెళ్ళి, అక్కడ ఏటి ఒడ్డున జనం కుంచెలు పట్టుకుని నిలబడటం చూసొచ్చాడట. మనవాళ్ళు ఊరుకుంటారా? జిల్లా జిల్లాకూ 'ఆరుబయలు చిత్రలేఖన వారోత్సవాలు'. డీఎస్పీలు టోపీ తీసి ఒడ్డున స్టాండు పెట్టారు. తహసీల్దార్లు సంతకం పెట్టే చేత్తో కొబ్బరిచెట్లు వేశారు. ఆ ఊపులో నా బొమ్మకు రాష్ట్రస్థాయి ప్రథమ బహుమతి వచ్చింది. ఆ ఊపులోనే 'నదీతీర దృశ్య పరిరక్షణ సంస్థ' అని ఒకటి పుట్టి, మా ఊరికి ప్రత్యేకాధికారి వచ్చారు.

ఆయన పేరు వెంపటి సదానందం గారు. చాలా మంచి మనిషి. కోపం రాదు, మాట తూలరు, ఫైలు లేనిదే తుమ్మరు. వస్తూనే నన్ను పిలిపించి కాఫీ ఇచ్చారు.

"మాస్టారూ, తీరాభివృద్ధి అనగా ఏమి? తీరం ఏ విధంగా ఉండవలెనో ముందుగా నిర్ధారించుకొనుట. ఇంతకాలం అట్టి నిర్ధారణ లేనందుననే తీరం తన ఇష్టానుసారం ప్రవర్తించినది. ఇప్పుడు మీ చిత్రమున్నది. దీనిని ఆమోదిత దృశ్యంగా గెజెట్లో ప్రకటించుచున్నాము," అన్నారు.

నిజం చెప్పొద్దూ, ఆనందంతో నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంటికొచ్చి అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను. గెజెట్లో రెండే వాక్యాలు వచ్చాయి. ఆమోదిత దృశ్యములో ఉన్నది తీరమున ఉండవలెను. ఆమోదిత దృశ్యములో లేనిది తీరమున ఉండరాదు. పల్లాలమ్మకు చదివి వినిపిస్తే "ఎంత బాగా రాశారండీ, పాటలాగుంది," అంది. ఆ రోజు నాకు అల్లం రెండింతలు వేసి టీ ఇచ్చింది.

సంస్థకు ఆఫీసు కావాలి కదా. బొమ్మలో ఉన్న పక్కా కట్టడం ఇరిగేషన్ బంగళా ఒక్కటే కాబట్టి, నిబంధనల ప్రకారం అందులో దిగారు. వెల్లవేయించలేదు. బొమ్మలో గోడ పెచ్చులూడి ఉంది మరి.

తర్వాత పని మొదలైంది. ఏఈ ఒకాయన ఉన్నాడు, తోట ఇంద్రసేన అని. చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. నా బొమ్మ నకలు మీద గళ్ళు గీసుకుని, టేపు పట్టుకుని తీరమంతా కొలిచాడు. ముందు ఫోన్ల టవరు కూల్చారు. ఊళ్ళో సిగ్నలు పోయింది. జనం సంస్థ దగ్గరికి పోయి మొత్తుకుంటే, ఫిర్యాదులు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేసి మాత్రమే నమోదు చేయవలెనని గోడమీద అంటించారు.

ఆ తర్వాత ఇంద్రసేన ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సార్, కొబ్బరిచెట్ల వెనక కొండ ఉంది. సైటులో లేదు. ఎత్తెంత?" అని అడిగాడు.

"కొండేమిటి నాయనా, గోదావరి లంకల్లో! అది నీళ్ళ చుక్క. పెసరట్టు పెనం మీంచి ఎగిరిపడింది," అన్నాను.

ఇద్దరం సదానందం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన భూతద్దం పెట్టి చూశారు.

"చిత్రకారుని ఉద్దేశం అప్రస్తుతం. గెజెట్ నాటికి కొండ ఉన్నది," అని రాశారు.

మూడు నెలలు రాత్రనక పగలనక ఏట్లో ఒండ్రు తవ్వి ఎదుటి గట్టున కొండ పోశారు. అంచు గుండ్రంగా, మరక ఎలా పాకిందో అలాగే. చుట్టూ నలభై మైళ్ళలో రాయన్నది కనబడని మాకు కొండ వచ్చింది. లంక రైతుల పిల్లలు దాని మీద జారుడుబల్ల ఆడుకున్నారు. వానకు సగం కరిగితే కొండ మరమ్మతుల విభాగం ఒకటి పెట్టారు.

గేదెల సంగతి చెప్పక్కర్లేదు. బొమ్మలో రెండున్నాయి గనక రెండు గేదెలను గుర్తించి చెవులకు బిళ్ళలు కొట్టారు. పాటు వేళ అవి మేట మీద నిలబడాలి, ఎడమదాని ముఖం తూర్పుకి. అందులో ఒకటి ఈనింది. దూడ బొమ్మలో లేదు. దాని మెడకు నోటీసు కడితే దూడ నమిలేసింది. ఇంద్రసేన పై ఆదేశాల కోసం రాశాడు.

ఇంతా చేశాక అసలు దోషి తేలింది. ఏరు.

బొమ్మలో ఒండ్రు మేట ఉంది. రోజుకు రెండుసార్లు పోటొచ్చి ఆ మేటను ముంచేస్తోంది. అంటే రోజుకు రెండుసార్లు ఆమోదిత దృశ్యానికి ఉల్లంఘన. పోనీ ఒక వేళకు వచ్చి చస్తుందా అంటే అదీ లేదు, ఇవాళ పదింటికి వస్తే రేపు పదకొండు కావస్తుంది. "సమయపాలన బొత్తిగా లేదు," అని సదానందం గారు బాధపడ్డారు. సంజాయిషీ కోరుతూ ఏటికి పదిహేను రోజుల గడువుతో నోటీసు రాయించి, రేవు గుంజకు అంటించారు. సాయంత్రం పోటొచ్చి కాగితాన్ని ఊడబెరుక్కుపోయింది. 'నోటీసు స్వీకరించబడినది' అని ఇంద్రసేన రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో ఏరు జవాబివ్వలేదు. ఏకపక్షంగా ఉత్తర్వు వచ్చింది. ప్రతిదినం ఉదయం పదకొండు నుండి పన్నెండు వరకు, నది వాస్తవ స్థితితో నిమిత్తం లేకుండా, పాటులో ఉన్నట్లుగా పరిగణించబడును.

ఇక్కడిదాకా నేను నవ్వుకుంటూనే ఉన్నానండి. ఊరంతా నవ్వుకుంది. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి పల్లాలమ్మ పొయ్యి వెలిగించలేదు. అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో కాగితం.

"ఏటండీ ఇది, సదివి సెప్పండి మేస్టారూ," అంది.

చదివాను. సదరు పాక ఆమోదిత దృశ్యములో లేనందున అక్రమ ఉనికిగా నిర్ధారించడమైనది. కార్యదర్శి గారి తనిఖీ ముగిసిన వెంటనే తొలగించబడును.

బొమ్మలో పాక లేదు, నిజమే. ఎలా ఉంటుంది? నేను కూర్చున్నది అందులోనే కదా! ఆమె పాకలో, ఆమె బల్ల మీద, ఆమె ఇచ్చిన చెంబుడు నీళ్ళలో కుంచె ముంచుకుంటూ వేశాను ఆ బొమ్మ.

"మీరు గీసిందే గదండీ," అంది పల్లాలమ్మ. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. "కూసింత పాక కూడా ఓ పక్కన గీసుంటే పోయేది. పోన్లెండి, మీకేటి తెలుసు." చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని వేళ్ళ వంక చూసుకుంది. "ఫ్యాట్రీలో ఇప్పుడు నా వయసోళ్ళని ఎట్టుకుంటారో లేదో."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు బంగళాకు నడిచాను.

సదానందం గారు విచారణ పెట్టారు. మర్యాదగా కుర్చీ వేశారు.

"అయ్యా, ఆ దృశ్యం కనపడేదే ఆ పాకలోంచి. పాక లేకపోతే బొమ్మే లేదు," అన్నాను.

"మంచి ప్రశ్న," అన్నారు. నేను ప్రశ్న అడగలేదు. "దృశ్యం వేరు, దర్శన స్థానం వేరు. చూసిన చోటు చూడబడినదానిలో భాగం కాజాలదు. కన్ను తన్ను తాను చూసుకొనగలదా? ఇది వేదాంతం, మాస్టారూ. ఇంద్రసేనా, దీన్ని నిబంధనగా రాసుకోండి. దర్శన స్థానము దృశ్యములో లేనందున తొలగింపదగినది."

ఇక నా దగ్గర ఉన్నది ఒక్కటే ఆయుధం. మర్నాడు నోటరీ దగ్గరికి పోయి ప్రమాణపత్రం రాయించాను. ఆ బొమ్మ నేను ఏటి ఒడ్డున చూసి వేసింది కాదనీ, ఇంట్లో మంచం మీద కూర్చుని ఊహించి వేసిన అబద్ధమనీ, బహుమతి వాపసు ఇస్తున్నాననీ. ముప్పై ఒక్క ఏళ్ళకు వచ్చిన పేరు. ఉన్న ఒక్కగానొక్క మంచి బొమ్మ. అది అబద్ధమని సంతకం పెట్టాను. ఆ బొమ్మలో గీత గీతా నేను చూసిందే కదండీ!

సదానందం గారు ప్రమాణపత్రం మొత్తం చదివి, జాలిగా నా వంక చూశారు.

"మీరు చూశారా లేదా అన్నది మీ వ్యక్తిగత విషయం మాస్టారూ. గెజెట్ చూసింది," అన్నారు.

తనిఖీ రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి పెద్ద కార్యదర్శి గారు వచ్చారు. పట్టుచీర, కళ్ళజోడు, తక్కువ మాట్లాడే మనిషి. తీరాన్ని అసలు చిత్రంతో సరిపోల్చి, చిత్రం మీద సంతకం చేసి, మూడు గంటల కారుకు దాన్ని తిరిగి రాజధానికి తీసుకుపోవాలి. అది లేనిదే సంస్థకు ఆధారం లేదు.

పదకొండింటికి షామియానా ఎక్కడ వేశారనుకుంటున్నారు? ఒండ్రు మేట మీద. బొమ్మలో అది పొడినేల కదా. ఎర్ర తివాచీ పరిచారు. నా బొమ్మను అద్దం తీసేసి స్టాండు మీద నిలబెట్టారు, అద్దం మెరిస్తే సరిపోల్చడం కష్టమని. గేదెలు రెండూ వాటి స్థానాల్లో నిలబడ్డాయి. నన్ను చిత్రకారుడి హోదాలో వెనక వరసలో కూర్చోబెట్టారు.

పల్లాలమ్మ అరుగు మీంచి ఏటి వంక చూసింది. నీటి రంగు మారడం ఆమెకు గడియారం కన్నా బాగా తెలుసు.

"బాబూ! పోటొచ్చేత్తంది! లేచెల్లిపోండి!" అని కేకేసింది.

సదానందం గారు చేతి గడియారం చూసుకున్నారు. "పదకొండు పది. ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు పాటు," అన్నారు.

"ఉత్తరవు సంగతి నాకు తెల్దండీ! నీళ్ళు మీ కుర్సీల కిందకొచ్చేశాయి!"

"ఆమె ప్రతివాది, మేడమ్," అని సదానందం గారు కార్యదర్శి గారికి వివరించారు. "పట్టించుకోనవసరం లేదు."

గేదెలు ఉత్తర్వు చదవలేదు గనక ముందే గట్టెక్కేశాయి. తివాచీ తేలింది. కార్యదర్శి గారి చెప్పు ఒకటి ఏటికి ఎగువకు ప్రయాణం కట్టింది. ఆవిడ దాన్ని చూస్తూ, "ఈ నీళ్ళకు ఉత్తర్వు కాపీ పంపారా?" అని అడిగారు.

"పంపాం మేడమ్. స్వీకరించినట్టు రికార్డు ఉంది," అన్నాడు ఇంద్రసేన మోకాలి లోతులో నిలబడి.

అప్పుడు స్టాండు వొరిగింది. నా బొమ్మ నీళ్ళ మీద వెల్లకిలా పడింది. నేను పరుగెత్తాను గానీ, నీటిరంగులు నీళ్ళలో పడ్డాక పరుగెత్తి ఏం లాభం? ఆకాశం ముందు కదిలింది. కొబ్బరిచెట్లు కారిపోయాయి. ఒండ్రు మేట నిజం ఒండ్రులో కలిసిపోయింది. చేతికి అందేసరికి బూడిద రంగు గుడ్డపేలికలా ఉంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు రావాలో తెలియక దగ్గు వచ్చింది.

దగ్గరలో ఎత్తున్న చోటు పల్లాలమ్మ అరుగే. కార్యదర్శి గారూ, సదానందం గారూ, ఇంద్రసేనా, జవానులూ అంతా తడిబట్టలతో పాకలోకి ఎక్కేశారు. పల్లాలమ్మ పొయ్యి ఎగదోసి, టీ పోసి, పెసరట్లు వేసింది. కార్యదర్శి గారు మూడు తిన్నారు.

"మూడింటికి నేను సంతకం చేసిన బొమ్మతో బయల్దేరాలి. లేకపోతే సంస్థ ఉన్నట్టు నేనెలా చెప్పను?" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

సదానందం గారి ముఖం తెల్లబోయింది. నా వైపు తిరిగి, "మాస్టారూ, మళ్ళీ వేయండి! తక్షణం!" అన్నారు.

"వేస్తానండి. కానీ ఎక్కడ కూర్చోను? నేను కూర్చునే బల్ల మీద మీరంతా ఉన్నారు."

"మా బంగళా వరండా ఉన్నది కదా! పొడిగా ఉన్నది, బల్ల ఉన్నది. అక్కడే కూర్చోండి. ఇది నా ఆదేశం."

"రాసిస్తారా?"

రాసిచ్చారు.

వెళ్ళి బంగళా వరండాలో కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే నిండు పోటు మీద ఏరు, దానికి అడ్డంగా, కాగితం నట్టనడుమ, పల్లాలమ్మ పాక. జీవితంలో మొదటిసారి అందం కోసం కాకుండా అవసరం కోసం బొమ్మ వేశాను. ముందు పాక వేశాను. తాటాకు తాటాకూ లెక్కపెట్టి వేశాను. పొయ్యి పొగ వేశాను, బల్ల వేశాను, పెనం ముందు పల్లాలమ్మను వేశాను. గేదెలనూ దూడనూ వేశాను. ఫోన్ల టవరు లేకపోయినా దాని చోట దాన్ని వేశాను. అందం లేకపోతే మానె, ఊరికి కావాలి. కొండ వేయలేదు. పాకలో కూర్చున్న అధికారులు మాత్రం కదులుతూ ఉండటం వల్ల వదిలేశాను.

కార్యదర్శి గారు చూసి, "ఇది ముందుదాని కన్నా బాగుంది," అని సంతకం పెట్టి వెళ్ళిపోయారు. పదిరోజులకు గెజెట్ వచ్చింది. పాత దృశ్యం రద్దు, కొత్త దృశ్యం ఆమోదం, నిబంధనలు యథాతథం.

ఇంద్రసేన చెప్పిన పని చెప్పినట్టు చేసే రకమని ముందే మనవి చేశాను. కొండ తవ్వేశాడు. టవరు నిలబెట్టించాడు. దూడ చెవికి బిళ్ళ వేయించాడు. ఏరు ఇప్పుడు పాటు తీసినప్పుడల్లా ఉల్లంఘన అని రాసుకుంటున్నాడు. రోజూ పొద్దున్నే పాక దగ్గరికొచ్చి, పొగ రాకపోతే, "ఏమ్మా, ఇంకా వెలిగించలేదేం? ఆమోదిత దృశ్యంలో పొగ ఉంది," అని పుల్లలు తెచ్చిస్తున్నాడు. పల్లాలమ్మ "ఆయ్, ఎలిగిత్తన్నానండి," అని నా వైపు చూసి మూతి బిగబట్టుకుని నవ్వుతోంది.

చివరికి ఒకరోజు బంగళా తలుపుకు ఇంద్రసేన కాగితం అంటించాడు. సదరు కార్యాలయము ఆమోదిత దృశ్యములో లేదు. పైగా చిత్రకారునికి దర్శన స్థానముగా ఉండినది. దర్శన స్థానము దృశ్యములో లేనందున తొలగింపదగినదని ప్రత్యేకాధికారి గారే స్వయంగా నిర్ణయించి యున్నారు. ఆఫీసు పోతే ప్రత్యేకాధికారి పోస్టు కూడా తీరమున లేనట్టే లెక్క.

ఆ సాయంత్రం సదానందం గారు పాకకు వచ్చారు. ఒక్కరే, ఫైలు లేకుండా. నా పక్కన బల్ల మీద కూర్చున్నారు.

"మాస్టారూ," అన్నారు. "నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసున్నది. ఆ బొమ్మ సవరణ కోసం రేపు మీ దగ్గరికి వస్తుంది, ఆ ఏర్పాటు నేను చేసుకుంటాను. ఏదో ఒక మూల నన్ను కూడా పెట్టండి. ముఖం అక్కర్లేదు. ఒక్క చుక్క చాలు. నలుపైనా ఫర్వాలేదు."

ఎంత లేదన్నా మనిషి కదండీ, నాకు జాలేసింది. పల్లాలమ్మ వంక చూశాను. ఆమె పెనం గీకడం ఆపింది.

"ఎట్టండి మేస్టారూ. పాపం, ఒక్క సుక్కే గదా," అంది. "నా బల్ల మీదెట్టండి."

పెట్టాను. బల్ల మీద నల్లగా, ఏటి వైపు తిరిగి కూర్చున్నట్టు ఒక చుక్క. దాన్నీ గెజెట్ చేశారు. ఆమోదిత దృశ్యములో ఉన్నది తీరమున ఉండవలెను కనుక, మర్నాడు పది గంటలకు ఇంద్రసేన సదానందం గారిని తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, కోణం సరిచూసి, సంతకం తీసుకుని వెళ్ళాడు. అప్పటి నుంచి ఆదివారాలు కూడా వస్తున్నారు, బొమ్మలో ఆదివారం లేదు కదా. లేవడానికి వీల్లేదు, పక్కకు జరగడానికి వీల్లేదు.

మొదటి రోజే పల్లాలమ్మ ఉల్లిపాయల బుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన కంగారుపడి, "అమ్మా, నేను ఆమోదిత దృశ్యంలో ఉన్నాను," అన్నారు.

"ఉన్నారండి, కాదన్లేదు," అంది పల్లాలమ్మ కత్తిపీట జరుపుతూ. "సుక్కకి సేతులు అగపడట్లేదు గదా. తరగండి."